పీటంత చోటులో రైలుబండి

పెద్ద వస్తువును చిన్నదిగా చేసి కన్నులయెదుట నిలుపుకొనవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. మన ఇండ్లలో పండుగలకు పెట్టు బొమ్మలకొలువును చూడుడు. పళ్లెరములో మట్టి పరచి, ఆవాలు చల్లి మొలకెత్తించి, దానిని పంటచేను అందుము. అద్దపు ముక్కను ప్రక్కన పరచి చెరువు అందుము. గట్టున నాలుగు కొండపల్లి బొమ్మలు నిలిపినచో ఊరు సిద్ధమగును. అద్దము చెరువు కాదని ఎవ్వరును తగవునకు రారు. ఏలయన, చెరువునకు గల అనేక లక్షణములలో ఆకాశమును ప్రతిఫలింపజేయు లక్షణమొకటి అందులో నిలిచియున్నది. తక్కినవి వదలివేయబడినవి.

ఏది నిలుపవలెను, ఏది వదలవలెను అను ఈ ప్రశ్నయే నమూనా నిర్మాణమున కంతటికిని మూలము. భూగోళము, ఎముకల గూడు, అణువు మొదలైన నమూనాలను తరగతిలో చూపు ఉపాధ్యాయుడు కూడ ప్రతిదినము ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచున్నాడు. దీనికి సమాధానము వెదకుటకు మనకు ఒక చక్కని చరిత్ర కలదు. అది నమూనా రైలుమార్గముల చరిత్ర. గది నిండ పరచుకొన్న బొమ్మరైలు సుమారు నూరేండ్లలో పీటంత పలకమీదికి ఎట్లు వచ్చి చేరినదో, ఆ ప్రయాణములో ఏమి పోగొట్టుకొన్నదో, ఏమి నిలుపుకొన్నదో ఈ వ్యాసమున పరిశీలింతము.

గేజి ఏర్పడుట

1891వ సంవత్సరమున జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో, గోపింగెన్ పట్టణమునకు చెందిన మార్క్లిన్ సంస్థ ఒక బొమ్మరైలును ప్రదర్శించెను. బొమ్మరైళ్లు అంతకు పూర్వమును కలవు. రేకుతోను కొయ్యతోను చేసిన ఇంజనులను పిల్లలు నేలమీద త్రోసికొని ఆడుకొనుచుండిరి. మార్క్లిన్ వారి విశేషము ఇంజనులో లేదు, దాని క్రింది పట్టాలలో ఉన్నది. వారు పట్టాలను ముక్కలుగా తయారుచేసి, వానిని 8 అంకె ఆకారమున కూర్చి చూపిరి. పట్టాల నడిమి దూరమునకు, అనగా గేజికి, నిర్ణీతమైన కొలతలు పెట్టి వానికి 1, 2, 3 అని సంఖ్యల నిచ్చిరి. వీనిలో ఒకటవ గేజి నేడు 45 మిల్లీమీటర్లు. అంతకంటె చిన్నది కావలసివచ్చినప్పుడు ఒకటికి ముందున్న అంకె సున్న గనుక దానికి సున్న గేజి అని పేరు వచ్చినది. అది 32 మిల్లీమీటర్లు.

ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. కాని, ఒక కర్మాగారములో చేసిన మర మరియొక కర్మాగారములో చేసిన చీలకు సరిపడుటవలననే యంత్రయుగము సాధ్యమైనది. ఆ సూత్రమే ఇచ్చటను పనిచేసినది. ఈ యేడు కొన్న పట్టాకు వచ్చే యేడు కొన్న పట్టా అతుకును. బొమ్మ క్రమముగా పెరుగుచు మార్గమగును.

మార్గము పెరిగినకొలది చోటు కావలెను. ఒకటవ గేజి బండ్లు వాస్తవములో 32వ వంతు పరిమాణము గలవి. మన దేశములో దశాబ్దములుగా నడచుచున్న సాధారణపు ప్రయాణికుల పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. దీనిని 32తో భాగించిన 67 సెంటీమీటర్లు వచ్చును. ఇంజనును, ఎనిమిది పెట్టెలును కలిసిన బండి ఆరు మీటర్లగును. అట్టి బండి తిరుగుటకు సంపన్నుల మందిరమో, తోటయో కావలెను.

బల్లమీదికి ఎక్కిన రైలు

మొదటి ప్రపంచయుద్ధము తరువాత 1922లో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌కు చెందిన బాసెట్-లోక్ సంస్థ, జర్మనీలోని నూరెంబర్గుకు చెందిన బింగ్ సంస్థచే చేయించిన "బల్లమీది రైలు"ను అమ్మకమునకు పెట్టెను. దాని గేజి సుమారు 16 మిల్లీమీటర్లు, అనగా సున్న గేజిలో సగము. మొదట కీ త్రిప్పిన నడచునవియు, పిదప విద్యుత్తుచే నడచునవియు వచ్చినవి. భోజనము ముగిసిన పిమ్మట బల్ల తుడిచి దానిపై రైలు నడిపి, మరల పెట్టెలో సర్దుకొనవచ్చును. 1935లో ట్రిక్స్, మార్క్లిన్ సంస్థలును, 1938లో లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ హార్న్‌బీ డబ్లో అను పేరుతోను ఈ పరిమాణములో విద్యుత్ రైళ్లను తెచ్చినవి.

ఇచ్చట ఒక విచిత్రము జరిగినది. ఐరోపా ఖండములో 16.5 మిల్లీమీటర్ల గేజికి 1:87 ప్రమాణము స్థిరపడినది. నిజమైన 1435 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగించిన సరిగా 16.5 వచ్చును. కాని బ్రిటిషు ఇంజనులు ఖండములోని ఇంజనులకంటె సన్ననివి, పొట్టివి. 87వ వంతుకు తగ్గించినచో వాని కడుపులో ఆనాటి విద్యుత్ మోటారు పట్టలేదు. అందుచేత బ్రిటిషువారు పట్టాలను అట్లే ఉంచి, ఇంజనును మాత్రము 1:76.2 ప్రమాణములో కొంచెము పెద్దదిగా చేసిరి. ఆ లెక్క ప్రకారము వారి పట్టాల నడిమి దూరము 1257 మిల్లీమీటర్లకు మాత్రమే సమానము. ఉండవలసిన దానికంటె 178 మిల్లీమీటర్లు తక్కువ. ఒక మోటారు పట్టకపోవుటచే కలిగిన ఈ తేడా నేటికిని నిలిచియున్నది.

మన దేశపు బ్రాడ్‌గేజిని నిర్మింపదలచువారికి చిక్కు మరియొక వైపునుండి వచ్చును. మన గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు తీసికొనినచో 19.3 మిల్లీమీటర్లు కావలెను. అంగడిలో దొరకు పట్టా 16.5. దానిపై మన పెట్టెను నిలిపినచో పట్టాలు ఇరుకుగా కనబడును. పట్టాలు స్వయముగా చేసికొనవలెను, లేదా ఆ తేడాను సహింపవలెను. నమూనాలో ఏదియో ఒకటి వదలక తప్పదనుటకు ఇది మొదటి పాఠము.

ఘనము వేయు అడ్డంకి

చోటు చాలనప్పుడు మొదట తోచు ఉపాయము బొమ్మను ఇంకను చిన్నది చేయుట. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ దారిలో వేగముగా నడచిరి. 1945లో అమెరికాలో 12 మిల్లీమీటర్ల గేజి వచ్చినది. 1960 తరువాత నూరెంబర్గులోని ఆర్నాల్డ్ సంస్థ 9 మిల్లీమీటర్ల గేజికి వ్యాప్తి కలిగించెను. తొమ్మిదిని సూచించు ఇంగ్లీషు, జర్మను పదముల మొదటి అక్షరమునుబట్టి దానికి ఎన్ గేజి అని పేరు. దాని ప్రమాణము 1:160. 1972లో మార్క్లిన్ వారు 6.5 మిల్లీమీటర్ల గేజిలో 1:220 ప్రమాణపు బండ్లను చేసి, ఇంతకంటె చిన్నది ఇక రాదను ధీమాతో దానికి ఇంగ్లీషు అక్షరమాలలోని చివరి అక్షరముతో జెడ్ అని పేరు పెట్టిరి. కాని 2006లో జపానులో 3 మిల్లీమీటర్ల గేజిలో 1:450 ప్రమాణపు రైలు ప్రదర్శింపబడినది. మన 21.3 మీటర్ల పెట్టె 1:87లో 24.5 సెంటీమీటర్లు, 1:160లో 13.3, 1:220లో 9.7, 1:450లో 4.7 సెంటీమీటర్లు మాత్రమే.

ఇక దీనిని ఇట్లే కొనసాగింపరాదా? రాదు. కారణమును గెలీలియో 1638లో ప్రకటించిన "రెండు నూతన శాస్త్రములు" అను గ్రంథములోనే వివరించియున్నాడు. పొడవు తగ్గినప్పుడు వైశాల్యము వర్గముగను, ఘనపరిమాణము ఘనముగను తగ్గును. 100 టన్నుల ఇంజనును అదే పదార్థముతో, అదే నిర్మాణముతో 87వ వంతుకు తగ్గింతుమనుకొందము. బరువు 87 రెట్లు కాదు, 87×87×87, అనగా 6,58,503 రెట్లు తగ్గును. 100 టన్నులు 152 గ్రాములగును. 1:160లో అది 24 గ్రాములు. 1:220లో 9 గ్రాములు. 1:450లో ఒక గ్రాము కంటె కొంచెమెక్కువ.

నమూనా ఇంజనునకు విద్యుత్తు పట్టాలనుండి చక్రముల ద్వారా అందును. చక్రము పట్టాను గట్టిగా అదిమినప్పుడే స్పర్శ బాగుండును. బరువు తగ్గినకొలది అదుము తగ్గును. ధూళి కణము మాత్రము బండితోపాటు చిన్నది కాదు. అందుచేత పెద్ద ఇంజను తొక్కుకొనిపోవు దుమ్ము చిన్న ఇంజనునకు కొండయగును. 1:450 రైళ్లలో ఈ లోపమును సవరించుటకు చక్రములకు అయస్కాంత గుణము కల్పించి, ఇనుప పట్టాలకు అంటుకొనునట్లు చేయవలసివచ్చినది.

మరియొక సంగతి గమనింపదగినది. 1:87లో వాడుకలోనున్న ఇరుకైన వంపు వ్యాసార్ధము 36 సెంటీమీటర్లు. 1:160లో 19.2. 1:220లో 14.5. వీనిని వాస్తవ ప్రమాణమునకు పెంచి చూచినచో వరుసగా 31.3, 30.7, 31.9 మీటర్లు వచ్చును. మన బ్రాడ్‌గేజిలో అనుమతింపబడిన మిక్కిలి ఇరుకైన వంపు 175 మీటర్లు. అనగా, బొమ్మ ఎంత చిన్నదైనను దానితోపాటు మనుష్యుని ఆశయు పెరిగి, ఆ మిగిలిన చోటులో ఇంకను ఎక్కువ రైలును ఇరికింపజూచినది. అబద్ధపు పాలు మాత్రము తగ్గలేదు.

రెండవ దారి

మొదటి దారి ప్రమాణమును తగ్గించుట. రెండవది విషయమును తగ్గించుట. రెండవ దారికి మూలము రైలులో లేదు, చిత్రకళలో కలదు. 1822లో పారిస్‌లో డాగెర్, బూటాన్ అను చిత్రకారులు డయోరమా అను ప్రదర్శనశాలను తెరచిరి. చీకటి శాలలో కూర్చున్న ప్రేక్షకులకు పెద్ద వస్త్రముపై చిత్రించిన దృశ్యమును, వెలుతురును మార్చుచు, పగలు రాత్రి యగునట్లు చూపుచుండిరి. ఈ డాగెరే తరువాత ఛాయాగ్రహణమునకు ఆద్యులలో ఒకడైనాడు. ఆ శాల 1839లో కాలిపోయినను పేరు నిలిచినది. ఆ శతాబ్దాంతమునకు మ్యూజియములలో నిజమైన జంతువుల తోళ్లను సహజమైన పరిసరములలో నిలిపి, వెనుక ఆకాశమును చిత్రించు పద్ధతి వచ్చి, దానికి ఈ పేరే స్థిరపడినది. డయోరమా మొత్తము అడవిని చూపదు. ఒక మూలను మాత్రమే చూపి తక్కినదానిని ఊహకు విడుచును.

1930ల చివర ఇంగ్లండులో జాన్ అహెర్న్ అను నతడు మాడర్ వ్యాలీ అను కల్పిత రైలుమార్గమును నిర్మింప నారంభించెను. అంతవరకు చాలమందికి పట్టాలే ముఖ్యము, ఇండ్లు అలంకారము. అహెర్న్ దృష్టిలో ఊరు, వాగు, మిట్ట, వంతెన ముఖ్యము. వానిమధ్యనుండి పోవు ఒక చిన్న బండి చాలును. ఆయన నిర్మాణము నేటికిని ఆ దేశములోని పెండన్ మ్యూజియములో భద్రపరుపబడియున్నది.

బండి ఎచ్చటనుండి వచ్చును, ఎచ్చటికి పోవును అను ప్రశ్నకు నాటకరంగము జవాబిచ్చినది. పాత్ర రంగముమీదికి రాకముందు ప్రక్కతెర వెనుక నిలిచియుండును. అట్లే గోడ వెనుకనో, వంతెన చాటుననో కొన్ని పట్టాలను దాచియుంచి, అచ్చట చేతితో బండ్లను సర్దుటకు నిర్మాతలు ఏర్పాటు చేసికొనిరి. ప్రేక్షకునకు కనబడునది ఒక్క స్టేషను మాత్రమే. ప్రపంచము తెర వెనుక కలదు. "రైల్వే మోడలర్" పత్రికకు చిరకాలము సంపాదకుడుగానుండిన సిరిల్ ఫ్రీజర్ 1957లో మైనరీస్ అను నగర స్టేషను ప్రణాళికను ప్రకటించెను. గోడవెంట ఇమడునంతటి సన్నని పలకమీద రద్దీగా పనిచేయు స్టేషనును చూపిన ఆ ప్రణాళికను అనుసరించి నేటికిని నిర్మించుచున్నారు.

న్యారోగేజి మరియొక సహాయము చేసినది. నిజమైన న్యారోగేజి మార్గములు కొండలలో, గనులలో ఇరుకు వంపులతో, చిన్న పెట్టెలతో నడచునవి. కావున వంపు ఇరుకుగా నున్నను అబద్ధము తక్కువ. 9 మిల్లీమీటర్ల పట్టాలు అంగడిలోనికి రాగానే, వానిపై 1:87 ప్రమాణపు చిన్న ఇంజనులను నిలిపిరి. 9ని 87తో గుణించిన 783. మన దేశములో పెక్కు చోట్ల నడచిన 762 మిల్లీమీటర్ల గేజికి ఇది మిక్కిలి సమీపము. పెద్ద బండికి వంపు తగ్గించుటకు బదులు, ఆ వంపునకు తగిన బండిని ఎన్నుకొనిరి. ఇది ఉపాయము మాత్రమే కాదు, వివేకము.

ఐదు, మూడు, మూడు

చోటు తగ్గినప్పుడు వేగము కూడ సమస్యయగును. గంటకు 60 కిలోమీటర్ల బండి 1:87లో సెకనుకు 19 సెంటీమీటర్లు పోవును. నాలుగడుగుల పలకను ఆరున్నర సెకనులలో దాటును. చూచుటకేమియు మిగులదు. అదే గంటకు 10 కిలోమీటర్ల షంటింగు వేగమైనచో 38 సెకనులు పట్టును. కావున చిన్నచోటులో ఎక్స్‌ప్రెస్‌ కంటె గూడ్సు యార్డు మేలు.

దీనిని ఆటగా మార్చినవారిలో ఇరువురు ముఖ్యులు. అమెరికాలోని కాలిఫోర్నియాలో జాన్ అలెన్ తన ఇంటి క్రింది గదిని నింపిన గొప్ప రైలుమార్గమునకు ప్రసిద్ధుడు. ఆయనయే టైమ్‌సేవర్ అను చిన్న షంటింగు సమస్యను కల్పించి 1972లో ప్రకటించెను. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది దినములకే జరిగిన అగ్నిప్రమాదములో ఆ పెద్ద మార్గము చాలవరకు నశించినది. పలకమీది చిన్న సమస్య మాత్రము దేశదేశములలో బ్రతికియున్నది. ఏలయన, అది కొయ్యలోను ఇనుములోను లేదు, ఒక నియమములో కలదు.

రెండవవాడు ఇంగ్లండునకు చెందిన అలన్ రైట్. ఆయన నిర్మించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్‌లో ఉన్నవి రెండు పాయింట్లు, మూడు సైడింగులు మాత్రమే. ఒక సైడింగులో ఐదు వ్యాగనులు, తక్కిన రెంటిలో మూడేసి పట్టును. ఇంజను వెనుకకు లాగుకొను పట్టామీద ఇంజనుతో కలిసి మూడు వ్యాగనులు పట్టును. మొత్తము వ్యాగనులు ఎనిమిది. వానిలో ఐదింటిని చీట్లు తీసి, వచ్చిన వరుసలోనే కూర్చి బండి కట్టవలెను. ఎన్ని విధముల బండ్లు సాధ్యము? మొదటి స్థానమునకు 8, రెండవదానికి 7, పిదప 6, 5, 4. వీని లబ్ధము 6,720. ఒక్కొక్క బండికి పది నిమిషములు పట్టినచో అన్నింటికిని 1,120 గంటలు కావలెను. పిట్ట కొంచెమైనను కూత ఘనమని దీనినే అనవలెను.

ఎట్టి వరుస కోరినను దానిని తప్పక కూర్చగలమా? సైడింగుల పొడవు, వెనుకకు లాగు పట్టా పొడవు ఎంతయైనచో కూర్పు ఎల్లప్పుడును సాధ్యము? ఈ ప్రశ్నలపై సైమన్ బ్లాక్‌బర్న్ అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు 2019లో ఒక పరిశోధనా వ్యాసము ప్రకటించెను. పిల్లలాట అనుకొన్నది క్రమచయ గణితమునకు విషయమైనది.

ఈ శతాబ్దారంభమున అమెరికాకు చెందిన కార్ల్ ఆరెంట్ ఇట్టి నిర్మాణములను సేకరించి ప్రచారము చేసెను. నాలుగు చదరపుటడుగులకు మించని దానిని సూక్ష్మ రైలుమార్గమని ఆయన నిర్వచించెను. 2011లో ఆయన మరణించునాటికి అట్టివి ఎన్నో దేశములలో నిర్మింపబడుచుండెను. సూట్‌కేసులోను, పుస్తకముల బీరువా అరలోను, పిజ్జా పెట్టెయంత పలకమీదను ఇవి ఇమిడినవి. నాలుగు చదరపుటడుగులనగా రెండడుగుల పీట. 1:87 ప్రమాణములో అది వాస్తవములోని సుమారు 70 సెంట్ల భూమికి సమానము. 70 సెంట్లలో ఒక గిడ్డంగి, ఒక సైడింగు, ఒక తుమ్మచెట్టు, ఒక టీ దుకాణము అబద్ధము లేకుండ ఇముడును. జంక్షను స్టేషను ఇమడదు.

నమూనా చెప్పు సత్యము

ఇదంతయు కాలక్షేపమేనా అని అడుగువారుందురు. 1912లో ఇంగ్లండులోని లాంకషైర్-యార్క్‌షైర్ రైల్వే సంస్థ సిగ్నలు ఉద్యోగుల శిక్షణకై ఒక నమూనా రైలుమార్గమును నిర్మించెను. అది నేడు యార్క్ నగరములోని జాతీయ రైల్వే మ్యూజియములో ఉన్నది. నిజమైన మార్గముమీద ఒక మీట తప్పుగా లాగినచో ప్రాణములు పోవును. నమూనామీద అదే తప్పు జరిగినచో శిక్షకుడు ఆపి, ఎందుకట్లు జరిగినదో వివరించును. మన సికింద్రాబాదులో 1957లో స్థాపింపబడిన రైల్వే సిగ్నలు, టెలికమ్యూనికేషన్ల శిక్షణ సంస్థలో కూడ ఇట్టి నమూనాలపై బోధన జరుగును. ఆ నమూనాలలో ఇంజను బరువు నిజము కాదు, వంపు నిజము కాదు. కాని ఏ మీట లాగినచో ఏ సిగ్నలు పడవలెను, ఏది పడరాదు అను తర్కము మాత్రము సంపూర్ణముగా నిజము. నేర్పవలసినది ఆ తర్కమే.

కావున నమూనాకు కొలబద్ద దాని పరిమాణము కాదు. ఏది చెప్పుటకై దానిని నిర్మించితిమో అది అందులో చెడకుండ ఉన్నదా అనునదే కొలబద్ద. అగ్గిపుల్లలతో కట్టిన వంతెన బొమ్మ బరువును మోసినదని, అదే ఆకారముతో నది మీద కట్టిన వంతెన నిలుచునని చెప్పరాదు. అచ్చట గెలీలియో లెక్క అడ్డువచ్చును. కాని ఆ బొమ్మమీద వ్యాగనుల వరుసను గూర్చి కనుగొన్న నియమము నిజమైన యార్డులోను చెల్లును. ఏలయన, వరుసకు బరువు లేదు.

పాఠశాలలో దీనిని చూపుటకు ధనము అక్కరలేదు. అట్టమీద మూడు గీతలు గీసి, ఎనిమిది ఖాళీ అగ్గిపెట్టెలకు సంఖ్యలు వేసి, తొమ్మిదవదానిని ఇంజను అనుకొనవలెను. పెట్టెలను చేతితో ఎత్తరాదు, త్రోయవలెను, లేదా లాగవలెను. చీట్లు తీసి విద్యార్థులచే బండి కట్టింపుడు. ఆట ముగిసిన పిమ్మట రెండు ప్రశ్నలు వేయుడు. ఈ అట్టలో నిజమైన రైలుమార్గముయొక్క ఏ లక్షణము నిలిచినది? ఏది పోయినది? రెండవ ప్రశ్నకు విద్యార్థులు ఎంత పెద్ద పట్టిక వ్రాసిన అంత మంచిది. గోడకు తగిలించిన భూగోళ పటమును, బల్లమీది అణువు నమూనాను వారు మరునాడు చూచినప్పుడు ఆ పట్టిక వారికి జ్ఞాపకము వచ్చును.